పాత రెక్కలకు ప్రాణం పోసిన రిచర్డ్ షటిల్‌వర్త్

చరిత్ర అనగానే మన మనస్సులో రాజవంశాలు, యుద్ధాల తేదీలు, కోటలు, శాసనాలు, నాణేలు మెదలుతాయి. రాతిని కాపాడిన జాతిని, తాళపత్రాన్ని కాపాడిన జాతిని మనం గౌరవిస్తాం. కాని యంత్రానికి కూడ చరిత్ర ఉంటుందనీ, దానిని కూడ భావితరాలకు అందజేయవలసి ఉంటుందనీ లోకం అంగీకరించడానికి చాల కాలం పట్టింది. నిన్నటి యంత్రం నేటికి పాత ఇనుము. దాని గతి తూకానికి పోవడమే. కొయ్యతోను, నారబట్టతోను, ఉక్కు తీగలతోను కట్టిన తొలినాటి విమానాల విషయంలో ఇది మరింత నిజం. అవి వానకు తడిసి, చెదలకు ఆహారమై, ఏ పాక మూలనో ఒదిగి, చివరకు వంటచెరకుగా మారిపోయిన సందర్భాలు ఎన్నో.

ఈ వినాశాన్ని తొలి దశలోనే కనిపెట్టి, తన ధనాన్ని, కాలాన్ని, నైపుణ్యాన్ని దానిని ఆపడానికి వినియోగించిన కొద్దిమందిలో ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ ఆర్మండ్ షటిల్‌వర్త్ ఒకడు. ఆయన జీవించింది కేవలం 31 సంవత్సరాలు. ఆయన గ్రంథాలు రచించలేదు, ఉపన్యాసాలు ఇవ్వలేదు, పదవులు నిర్వహించలేదు. అయినా, నేడు బ్రిటన్‌లో పాతకాలపు సైనిక విమానాలను ప్రేమించి, వాటిని గూర్చి చర్చించి, వాటి రక్షణకు నడుము కట్టిన వారెవరైనా ఆయన పేరు తలచక మానరు. అట్టి వాని జీవితాన్ని విద్యార్థి మిత్రుల ముందుంచడం ఈ వ్యాసోద్దేశం.

వంశము, బాల్యము

షటిల్‌వర్త్ కుటుంబానికి ఐశ్వర్యం తెచ్చిపెట్టింది యంత్రమే. రిచర్డ్ తాత జోసెఫ్ షటిల్‌వర్త్, నథానియేల్ క్లేటన్ అనే భాగస్వామితో కలిసి 1842లో లింకన్ పట్టణంలో ఒక కర్మాగారం స్థాపించాడు. ఆవిరి యంత్రాలు, ధాన్యం నూర్చే యంత్రాలు ఆ సంస్థ ఉత్పత్తులు. అవి దేశదేశాల రైతులకు చేరి, యజమానులను కోటీశ్వరులను చేశాయి. ఆ ధనంతో జోసెఫ్ 1872లో బెడ్‌ఫర్డ్‌షైర్ మండలంలో ఓల్డ్ వార్డెన్ అనే గ్రామం దగ్గర ఒక విశాలమైన ఎస్టేటు కొని, అందులో గొప్ప భవనం నిర్మించాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇదే సంస్థ సాప్‌విత్ జాతి యుద్ధవిమానాలను కూడ తయారుచేయడం గమనింపదగిన విషయం. పొలం పనిముట్లు చేసిన చేతులే యుద్ధం రాగానే రెక్కలు కట్టాయి.

జోసెఫ్ కుమారుడు కర్నల్ ఫ్రాంక్ షటిల్‌వర్త్ తన నడి వయస్సు దాటిన తరువాత, ఆ గ్రామపు మతాచార్యుని కుమార్తె డొరోతీని 1902లో వివాహమాడాడు. వారి ఏకైక సంతానం రిచర్డ్, 1909 జూలై 16న జన్మించాడు. సరిగా తొమ్మిది దినాల తరువాత, అనగా జూలై 25న, ఫ్రెంచి వైమానికుడు లూయీ బ్లేరియో తాను నిర్మించిన విమానంలో ఇంగ్లీషు ఛానలును దాటి ప్రపంచాన్ని ఆశ్చర్యచకితం చేశాడు. ఊయలలోని ఆ శిశువుకు ఆ వార్త తెలియదు. కాని అదే ఏడాది, అదే నమూనాలో తయారైన ఒక విమానానికి ఆ శిశువే ఒకనాడు రక్షకుడు కానున్నాడు.

బాలునికి నాలుగవ ఏడు నిండకముందే, 1913లో తండ్రి మరణించాడు. ఎస్టేటు భారం, బిడ్డ భారం రెండూ తల్లి డొరోతీ మీద పడ్డాయి. ఆమె ధైర్యశాలి, ధర్మపరురాలు. ఆమె పెంపకంలో రిచర్డ్ ఈటన్ పాఠశాలలో చదివి, తరువాత సైన్యంలో అశ్విక దళపు అధికారిగా చేరాడు. కాని ఆయన మనస్సు గుర్రాల మీద కంటె యంత్రాల మీదనే లగ్నమై ఉండేది. కొద్ది సంవత్సరాలకే సైన్యం విడిచి, 23వ ఏట తన వారసత్వాన్ని చేపట్టాడు.

చక్రాలపై వేగం

ధనికుల ఇంట పుట్టిన ఏకైక పుత్రుడు, తండ్రి లేని వాడు, ఇరవై మూడేండ్లకే ఆస్తి చేజిక్కినవాడు, ఏ దారి పట్టగలడో మన సమాజంలోని ఉదాహరణలే చెబుతాయి. రిచర్డ్‌ది కూడ ఖర్చు చేసే చేయే. అయితే అతడు కొన్నది ఇతరులు వద్దని పారవేసిన వస్తువులు. ఆ రోజుల్లో ముప్పై ఏండ్లు దాటిన మోటారు కారు అంటే అందరికీ పరిహాసం. రిచర్డ్ అటువంటి కార్లను వెదకి తెచ్చి, విప్పి, తుడిచి, అరిగిన భాగాలను మళ్లీ చేయించి నడిపించేవాడు. 1898 నాటి పాన్‌హార్ లెవసోర్ కారు ఆయన సేకరణలో ముఖ్యమైనది. లండన్ నుండి బ్రైటన్ వరకు పాత కార్లు సాగించే వార్షిక యాత్రలో ఆయన ఉత్సాహంగా పాల్గొనేవాడు.

ఒక చేత పాతను కాపాడుతూ, మరొక చేత కొత్త వేగాన్ని వెంబడించడం ఆయన స్వభావంలోని విశేషం. పందెపు కార్ల నడపడంలో ఆయన మేటి. 1935 అక్టోబరులో డానింగ్టన్‌లో జరిగిన మొట్టమొదటి గ్రాండ్ ప్రీ పోటీలో, 300 మైళ్లకు మించిన దూరాన్ని ఆల్ఫా రోమియో కారులో పూర్తిచేసి విజేత అయ్యాడు. కాని మూడు మాసాలైనా తిరగకముందే, 1936 జనవరి 1న దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ పట్టణంలో జరిగిన పందెంలో ఆయన కారు అదుపు తప్పింది. తీవ్రంగా గాయపడి, మృత్యుముఖం నుండి బయటపడ్డాడు. ఆ ప్రమాదంతో ఆయన కారు పందేల జీవితం ముగిసింది. అప్పటినుండి ఆయన శక్తి అంతా విమానాల వైపు మళ్లింది.

ఢిల్లీకి గగనయాత్ర

విమానయానంలో ఆయన ప్రవేశం అంతకు ముందే జరిగింది. 1932 జనవరిలో ఆయన డి హావిలాండ్ మాత్ అనే చిన్న విమానాన్ని కొని, దానిమీదనే ఎగరడం అభ్యసించాడు. ఆ విమానాన్ని ఆయన తరువాత అమ్మలేదు. అది నేటికీ ఓల్డ్ వార్డెన్‌లోనే ఉన్నది, నేటికీ ఎగురుతున్నది. ఒకే విమానం ఒకే మైదానంలో ఇంత దీర్ఘకాలం నివసించడం అపూర్వమని చెబుతారు.

మరుసటి సంవత్సరం, 1933 ఫిబ్రవరిలో, ఢిల్లీలో వైస్రాయి కప్పు కొరకు వైమానిక పందెం జరిగింది. రిచర్డ్, జార్జ్ స్టెడ్ అనే వైమానికుడు, ఇరువురూ రెండు కాంపర్ స్విఫ్ట్ విమానాల్లో ఇంగ్లండు నుండి మన దేశానికి ఎగిరి వచ్చారు. కాంపర్ స్విఫ్ట్ అంటే ఒక మనిషి మాత్రం పట్టే బుల్లి విమానం. దాని ఇంజను శక్తి 75 గుర్రాలకు అటూ ఇటూ. రేడియో సహాయం లేక, దిక్సూచిని, పటాన్ని మాత్రమే నమ్ముకొని, ఎడారులు, కొండలు దాటి అట్టి దానిలో ఖండాంతరయానం చేయడం సాహసమే. అదే పందెంలో ఆల్బన్ అలీ అనే తేయాకు తోటల ప్లాంటరు కూడ పాల్గొన్నాడు. 'స్కార్లెట్ ఏంజెల్' అనే పేరు గల ఆయన ఎర్రని కాంపర్ స్విఫ్ట్ తరువాత ఇంగ్లండు చేరి, కాలక్రమాన షటిల్‌వర్త్ సేకరణలోనే ఆశ్రయం పొందింది. ఢిల్లీ ఆకాశంలో ప్రత్యర్థిగా ఎగిరిన విమానం చివరకు ఆయన ఇంటి మనిషి కావడం కాలం చేసిన వింత.

ఆ సంవత్సరమే ఏప్రిల్ 1న భారత వైమానిక దళపు మొదటి స్క్వాడ్రన్ కరాచీలో నాలుగు వాపిటీ విమానాలతో ఏర్పడిందన్న సంగతిని కూడ ఇక్కడ జ్ఞాపకం చేసుకోవడం అప్రస్తుతం కాదు.

శిథిలాలకు ప్రాణప్రతిష్ఠ

1935లో రిచర్డ్ జీవితంలో ముఖ్యమైన ఘట్టం జరిగింది. బెడ్‌ఫర్డ్ ప్రాంతంలో గ్రిమ్మర్ అనే వ్యక్తి వద్ద రెండు ప్రాచీన విమానాలు ఉన్నాయి. ఒకటి 1909 నాటి బ్లేరియో, రెండవది 1910 నాటి డెపర్డుసిన్. ఆ బ్లేరియో లండన్ సమీపంలోని హెండన్ శిక్షణాలయంలో విద్యార్థులకు ఉపయోగపడి, 1912లో ప్రమాదానికి గురై, మూలపడింది. గ్రిమ్మర్ మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు రోజుల్లో వాటిని సంపాదించి, బాగుచేసి ఎగిరించాడు. ఆ తరువాత అవి రెండు దశాబ్దాలకు పైగా నిద్రపోయాయి. రిచర్డ్ వాటిని తీసుకొని ఓల్డ్ వార్డెన్‌కు చేర్చాడు.

సాధారణ సేకర్త అయితే వాటిని తుడిచి, ఒక శాలలో పెట్టి, చుట్టూ తాడు కట్టి, అతిథులకు చూపి ఆనందించేవాడు. రిచర్డ్ అట్లా చేయలేదు. ఇంజనును భాగభాగాలుగా విప్పించాడు. చచ్చుపడిన కొయ్యను మార్పించాడు. కొత్త బట్ట తొడిగించాడు. అనంతరం తానే ఆసనంలో కూర్చుండి వాటిని గాలిలోకి లేపాడు. విమానం ఎగిరినప్పుడే విమానం, నేలమీద నిలిచిపోయినది దాని కళేబరం మాత్రమే అన్నది ఆయన పని వెనుక దాగిన సిద్ధాంతం. ఆయన ఆ మాటను సిద్ధాంతంగా ఎక్కడా వ్రాయకపోయినా, చేతలతో స్థాపించాడు.

తరువాత ఆయన దృష్టి సాప్‌విత్ డవ్ అనే విమానం మీద పడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పేరుగాంచిన సాప్‌విత్ పప్ అనే ఒంటి ఆసనపు యుద్ధవిమానాన్ని, శాంతి వచ్చిన తరువాత పౌరుల వాడకానికి రెండు ఆసనాలతో మార్చి చేసినదే ఈ డవ్. రిచర్డ్ దానిని కొని, ఆ మార్పులను తొలగించి, మళ్లీ అసలైన పప్ రూపానికి తెచ్చాడు. ఆ విమానమే నేటికీ ఆ సేకరణకు అలంకారం. ఈ పనిలో జాక్సన్ అనే ఇంజనీరు ఆయనకు కుడి భుజం. ఓల్డ్ వార్డెన్‌లో రిచర్డ్ ఒక వైమానిక ఇంజనీరింగు సంస్థను నెలకొల్పి, తన పొలాల నడుమ పచ్చిక మైదానాన్ని విమానాశ్రయంగా మార్చాడు.

పప్ ఇంజనును గూర్చి రెండు మాటలు చెప్పడం అవసరం. దానిని రోటరీ ఇంజను అంటారు. మన మోటారు బండ్లలో ఇంజను స్థిరంగా ఉండి ఇరుసును తిప్పుతుంది. రోటరీలో ఇరుసు స్థిరంగా ఉండి, సిలిండర్లతో సహా ఇంజనంతా పంకాతో కలిసి గిరగిర తిరుగుతుంది. దానికి కందెన మనకు సుపరిచితమైన ఆముదం! పెట్రోలులో సులభంగా కరగదు గనుక ఆముదాన్ని ఎన్నుకొన్నారు. తెలంగాణ మెట్ట పొలాల్లో పండే గింజల నూనె వంటిదే యూరప్ ఆకాశంలో యుద్ధాలు నడిపించిందనుకుంటే విద్యార్థులకు వింతగా తోచవచ్చు. ఇట్టి ఇంజనును నడిపే విద్య పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. గాలిని, ఇంధనాన్ని వేరువేరు మీటలతో సరిచూసుకొంటూ, శబ్దాన్ని బట్టి, వాసనను బట్టి దాని ఆరోగ్యం గుర్తించాలి. ఆ విద్య గురువు నుండి శిష్యునికి చేతిమీదుగా వచ్చేది. యంత్రం ఆగిపోతే విద్య కూడ ఆగిపోతుంది. రిచర్డ్ కాపాడింది యంత్రంతో పాటు ఆ విద్యను కూడ.

యుద్ధము, మరణము

1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. రిచర్డ్ రాజ వైమానిక దళంలో చేరాడు. 1940 వేసవిలో బ్రిటన్ ఆకాశంలో మహాసంగ్రామం సాగుతున్నది. ఆగస్టు 2వ తేదీ తెల్లవారకముందు, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బెన్సన్ విమానస్థావరం నుండి ఆయన ఫెయిరీ బ్యాటిల్ అనే బాంబరులో రాత్రి శిక్షణ నిమిత్తం ఎగిరాడు. చీకటిలో విమానం ఈవెల్మ్ గ్రామ సమీపంలోని కొండను ఢీకొన్నది. రిచర్డ్ మరణించాడు. ముప్పై ఒకటవ పుట్టినరోజు గడచి అప్పటికి మూడు వారాలైనా కాలేదు.

ఇరవై ఐదు గుర్రాల ఇంజను గల బ్లేరియోలో, తుమ్మితే ఊడిపోయేటట్టు కనిపించే రెక్కలతో ఎగిరి క్షేమంగా దిగినవాడు, కొత్త లోహ విమానంలో మరణించడం విధి వైపరీత్యం. ఇంకొక విశేషం కూడ ఉన్నది. ఫెయిరీ బ్యాటిల్ విమానాలు 2,000కు మించి తయారైనాయి. నేడు వాటిలో ఎగరగలది ప్రపంచంలో ఒక్కటి కూడ లేదు. ఐస్‌లాండులో కూలిన ఒకదాని శిథిలాలను 1972లో వెలికితీసి, బాగుచేసి, బ్రిటిష్ వైమానిక దళ మ్యూజియంలో నిలిపారు. పాత వస్తువును కాపాడేవాడు లేకపోతే వేలకు వేలు ఎంత త్వరగా శూన్యమవుతాయో, ఆయన ప్రాణం తీసిన విమాన జాతి కథే చెబుతున్నది.

తల్లి నిర్ణయము

భర్తను కోల్పోయి 27 ఏండ్లు ఒకే ఒక్క బిడ్డ ముఖం చూచి బ్రతికిన తల్లికి ఇక మిగిలింది ఏమి? ఒక పెద్ద భవనం, వేలాది ఎకరాల భూమి, కుమారుడు పోగుచేసిన పాత కార్లు, కొయ్య విమానాలు. వాటిని చూచినప్పుడల్లా దుఃఖం పొంగివచ్చే స్థితి. అమ్మివేసినా ఎవరూ తప్పుపట్టేవారు కారు. యుద్ధకాలంలో ఇనుముకు, అల్యూమినియానికి గిరాకీ ఎక్కువ. పాత విమానాలను కరిగించడం దేశసేవగానే లెక్కకు వచ్చేది.

డొరోతీ షటిల్‌వర్త్ అట్లా చేయలేదు. యుద్ధకాలంలో తన భవనాన్ని గాయపడి కోలుకొంటున్న వైమానికుల విశ్రాంతికి ఇచ్చింది. 1944లో కుమారుని పేర ఒక ధర్మనిధిని స్థాపించి, ఎస్టేటును దానికి అప్పగించింది. విమానయాన విద్య, వ్యవసాయం, అటవీ పెంపకం, ఈ మూడింటి బోధనకు ఆ నిధి ఉద్దేశింపబడినది. 1946లో ఆ భవనంలో వ్యవసాయ కళాశాల ప్రారంభమైంది. వ్యవసాయ యంత్రాల వలన వచ్చిన సంపద వ్యవసాయ విద్యకే తిరిగి చేరడం ఎంతో సముచితంగా ఉన్నది. మన సంప్రదాయంలో వక్ఫు, ధర్మాదాయం అనే మాటల వెనుక ఉన్న భావమూ ఇదే కదా. వ్యక్తి పోయినా వస్తువు ప్రజలదై నిలవడం.

డొరోతీ 1968 వరకు జీవించింది. రిచర్డ్ మిత్రుడైన వైమానికాధికారి ఆలెన్ వీలర్ ధర్మకర్తగా, ఇంజనీరు జాక్సన్ కార్యకర్తగా సేకరణను పెంచారు. 1963 నుండి ప్రజలకు నియతంగా ప్రవేశం లభించింది.

పెరిగిన సంపద

రిచర్డ్ నాటిన మొక్క ఆయన అనంతరం వటవృక్షమైంది. 1918లో తయారైన బ్రిస్టల్ ఫైటర్, శత్రు విమానాన్ని కూల్చిన చరిత్ర గల ఎస్.ఇ.5ఎ, రెండు రెక్కల యుద్ధవిమానాల యుగానికి వీడ్కోలు పలికిన గ్లాడియేటర్, నౌకాదళపు హరికేన్, చెకొస్లొవేకియా వైమానికులు నడిపిన స్పిట్‌ఫైర్, ఇట్లా ఒక్కొక్కటి వచ్చి చేరింది. ఎస్.ఇ.5ఎ విమానం యుద్ధానంతరం ఆకాశంలో పొగతో ప్రకటనలు వ్రాయడానికి ఉపయోగపడి, తరువాత ఫార్న్‌బరో వైమానిక పరిశోధన సంస్థ ఉద్యోగుల చేతిలో పునరుద్ధరణ పొందింది.

వీటన్నిటిలోకి హాకర్ హైండ్ విమానం కథ మన ప్రాంతీయులకు ఆసక్తి కలిగిస్తుంది. 1930ల నాటి ఈ బాంబరును బ్రిటన్ 1938లో ఆఫ్ఘనిస్తానుకు సరఫరా చేసింది. అది అక్కడ 1956 వరకు సేవ చేసింది. 1970లో ఆఫ్ఘన్ వైమానిక దళం దానిని షటిల్‌వర్త్ సేకరణకు బహూకరించగా, లారీమీద ఎక్కించి కాబూలు నుండి సుమారు 6,000 మైళ్ల భూమార్గాన ఇంగ్లండు చేర్చారు. పదకొండేండ్ల శ్రమ తరువాత, 1981 ఆగస్టులో అది తిరిగి గాలిలోకి లేచింది. ఒక విమానం కొరకు పదకొండేండ్లు! ఓర్పు అనే పదానికి ఇంతకన్న వ్యాఖ్యానం అవసరం లేదు.

ఈ పని చేసేవారిలో జీతగాండ్రు కొందరే. విశ్రాంత ఉద్యోగులు, ఉపాధ్యాయులు, మెకానిక్కులు, విద్యార్థులు సెలవు దినాల్లో వచ్చి తోడ్పడతారు. ఒక విమానపు తోకపై ఉండవలసిన రంగు ఏది, ఏ తేదీన ఏ స్క్వాడ్రన్‌కు మారింది, ఏ మరమేకు అసలుది, ఏది తరువాత చేర్చినది అని గంటల కొలది వాదించుకొంటారు. పైకి ఇది పిచ్చిగా కనిపించవచ్చు. ఒక పద్యంలో పాఠాంతరాన్ని గూర్చి మన పండితులు తరాల తరబడి చేసిన వాదం ఎట్టిదో ఇదీ అట్టిదే. మూలపాఠం ఏదో తేల్చుకోవాలన్న శ్రద్ధ రెండింటిలోను ఒక్కటే.

ఎగరాలా, నిలపాలా?

రిచర్డ్ మార్గంలో ఒక కఠినమైన ప్రశ్న ఉన్నది. దానిని దాచడం న్యాయం కాదు. ఎగిరే విమానం కూలే విమానం కూడ. ఆ కాలానికి ఎగరగలిగిన చివరి మస్కిటో విమానం 1996లో ఒక ప్రదర్శనలో కూలిపోయి, అందులోని ఇరువురూ మరణించారు. 2015 ఆగస్టులో షోరమ్ ప్రదర్శనలో ఒక పాత హంటర్ జెట్ రహదారిపై కూలి, విమానంతో సంబంధం లేని 11 మంది ప్రాణాలు పోయాయి. 2024 మేలో కోనింగ్స్‌బీ సమీపంలో ఒక స్పిట్‌ఫైర్ కూలి దాని చోదకుడు మరణించాడు. జ్ఞాపకాలను కాపాడే పేరిట బ్రతికి ఉన్నవారిని బలి ఇవ్వవచ్చునా అని అడిగేవారి మాటలో బలం ఉన్నది. మళ్లీ దొరకని వస్తువును ప్రమాదంలో పెట్టడం వారసత్వ ద్రోహమనే వారు కూడ ఉన్నారు.

మరొక పక్షం వారు ఇట్లా సమాధానం చెబుతారు. ఆగిన యంత్రం క్రమంగా అర్థం కాని వస్తువవుతుంది. దానిని నడపగల చేతులు, బాగుచేయగల కన్ను, గుర్తుపట్టగల చెవి నశిస్తాయి. ఓల్డ్ వార్డెన్ వారు ఈ రెండింటి నడుమ ఒక మధ్యేమార్గం అవలంబిస్తున్నారు. వందేండ్లు దాటిన బ్లేరియోను గాలి పూర్తిగా శాంతించిన సాయంత్రాల్లో మాత్రమే బయటకు తెస్తారు. అది మైదానం విడిచిపోదు. పచ్చిక మీద కొన్ని అడుగుల ఎత్తున, తిన్నగా కొద్ది దూరం ఎగిరి దిగుతుంది. గాలి ఏమాత్రం వీచినా, ఎంత జనం వచ్చి ఉన్నా, ప్రదర్శన రద్దు. ప్రేక్షకుల చప్పట్ల కంటె విమానపు ఆయుస్సు ముఖ్యమని వారి నియమం. సాహసానికి పుట్టిన సంస్థ సంయమనం నేర్చుకొనడమే దాని దీర్ఘాయువుకు కారణమని నా అభిప్రాయం.

హైదరాబాదు పేరు మోసిన రెక్కలు

ఈ సందర్భంలో మన నేలకు సంబంధించిన ఒక విమానాన్ని తప్పక స్మరించాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనంతో బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఎ బాంబర్లు సమకూరాయి. ఆ స్క్వాడ్రన్‌కు హైదరాబాదు పేరు వచ్చింది. విమానాల మీద అవి నిజాం కానుక అని వ్రాయించారు. వాటిలో ఎఫ్ 1010 సంఖ్య గల విమానం 1918 అక్టోబరు 5న జర్మనీపై దాడికి వెళ్లి శత్రువుల చేత చిక్కింది. జర్మన్లు దానిని బెర్లిన్ వైమానిక మ్యూజియంలో ప్రదర్శించారు. రెండవ యుద్ధంలో బాంబు దాడుల భయంతో అక్కడి విమానాలను తూర్పుకు తరలించగా, అది పోలండు చేరింది. చివరకు 1977లో పోలండు వారికి ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి, బ్రిటిష్ వైమానిక దళ మ్యూజియం వారు దానిని తమ దేశానికి తెచ్చుకొన్నారు. హైదరాబాదు ప్రజల పన్నుల సొమ్ముతో ముడిపడిన ఆ విమానం నాలుగు దేశాల చరిత్రకు సాక్షి. రెండవ ప్రపంచ యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కు కూడ హైదరాబాదు పేరే వచ్చింది. నిజాం ధరించే తలపాగా దాని చిహ్నం.

ఇదే డి.హెచ్.9ఎ, బ్రిస్టల్ ఫైటర్ జాతుల విమానాలు 1925లో వజీరిస్తాన్ కొండలపైన, ఇంకా ఇరాక్ పల్లెలపైన బాంబులు కురిపించాయి. కాపాడవలసిన వస్తువులన్నీ పుణ్యవస్తువులు కావు. అయినా వాటిని నాశనం చేస్తే పోయేది పాపం కాదు, పాపానికి సాక్ష్యం. యుద్ధవిమానాన్ని భద్రపరచడమంటే యుద్ధాన్ని పూజించడం కాదు. దానిని నిర్మించిన పనివాని నేర్పును, నడిపినవాని ధైర్యాన్ని, దాని నీడలో నిలిచినవాని భయాన్ని, మూడింటినీ ఒకేసారి గుర్తుంచుకోవడం. ఈ మూడవది మరచిన ప్రదర్శనశాల అసంపూర్ణం.

ముగింపు

మన దేశంలో కూడ ఈ స్పృహ లేకపోలేదు. ఢిల్లీ పాలం వైమానిక మ్యూజియంలో భద్రపరచిన వాపిటీ విమానం ఆ జాతిలో ప్రపంచానికి మిగిలిన ఒకే ఒక్కటి. కాని వస్తువులను కాపాడే పని ప్రభుత్వాలదేనని చేతులు ముడుచుకోవడం మనకు అలవాటైంది. రిచర్డ్ షటిల్‌వర్త్ ప్రభుత్వం కాడు. తన గ్రామం దగ్గర ఎవరో మూలపెట్టిన రెండు యంత్రాలతో ఆరంభించిన యువకుడు. ధనం ఆయనకు ఉన్నది, నిజమే. అయితే ఆనాడు ఇంగ్లండులో ధనికులు వేలమంది ఉన్నారు. పారవేసిన దానిలో విలువ చూడగల కన్ను కొద్దిమందికే ఉన్నది.

మన ఊళ్లలో మూలబడిన నేతమగ్గాలు, ఆగిన అచ్చు యంత్రాలు, పాత ఉర్దూ, తెలుగు పత్రికల సంపుటాలు, తాతలనాటి గడియారాలు, చేతివ్రాత పుస్తకాలు ఎన్ని లేవు? వాటిని నడిపిన పెద్దలు, చదివిన పెద్దలు కొందరైనా ఇంకా మన మధ్య ఉన్నారు. వారు ఉండగానే ఆ విద్యను అడిగి తెలుసుకోవడం, వ్రాసిపెట్టడం, వీలైతే చేతితో నేర్చుకోవడం విద్యార్థులు చేయదగిన పని. కళాశాల కమిటీ వారు గ్రంథాలయంలో ఒక బీరువానైనా ఇట్టి వస్తువులకు కేటాయిస్తే అది గొప్ప ఆరంభం కాగలదు. ఓల్డ్ వార్డెన్ కూడ మొదట ఒక పాక మాత్రమే.

రిచర్డ్ తన గ్రామపు చర్చి ప్రాంగణంలోనే శాశ్వత నిద్రలో ఉన్నాడు. అక్కడికి అనతిదూరంలో, గాలి నిలిచిన సాయంత్రాల్లో, ఆయన పుట్టిన ఏట పుట్టిన ఆ బ్లేరియో నేటికీ కొన్ని అడుగుల ఎత్తుకు లేచి, మెల్లగా దిగుతుంది.